డీజే సెట్‌లో హమ్ వస్తోందా? ఏమైనా చేయండి, ఎర్త్ పిన్ మాత్రం పీకొద్దు!

పాట ఆగింది. బాక్సులు మాత్రం ఆగలేదు. 'గుమ్మ్మ్...' అని ఒకటే మోత. ఎవరో పెద్ద తుమ్మెదను పట్టుకొచ్చి బేస్ బాక్సులో పెట్టి మూసేసినట్టు ఉంది.

పామర్రు దగ్గర ఒక పల్లెటూళ్లో రిసెప్షన్. టైం సాయంత్రం ఆరు. ఏడున్నరకి పెళ్లికొడుకు, పెళ్లికూతురు స్టేజీ ఎక్కుతారు. డీజే మా బావ. ఈఎంఐలో కంట్రోలర్ కొన్నాక ఇది అతని మూడో ఈవెంట్. అడ్వాన్స్ తీసుకున్నాడు, మిగతా డబ్బులు ప్రోగ్రాం అయ్యాక ఇస్తామన్నారు. ఈ సౌండ్‌తో ప్రోగ్రాం నడిస్తే ఆ మిగతా సంగతి మర్చిపోవడమే. పైగా పక్కనే కూచిపూడి. ఆ చుట్టుపక్కల జనానికి తాళం, శ్రుతి గురించి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. కుర్చీలు సర్దుతున్న ఒక పెద్దాయన అప్పటికే అడిగేశాడు: "ఏవయ్యా, అది పాటా, పిండిమరా?"

బావ స్క్రూడ్రైవర్ తీశాడు. "యాంప్లిఫైయర్ ప్లగ్‌లో పెద్ద పిన్ను తీసేస్తే హమ్ పోద్దిరా. యూట్యూబ్‌లో చూశా" అన్నాడు.

హమ్ నిజంగానే పోయేది. కానీ దాంతో పాటు ఇంకేం పోయేదో ఆ రోజు నాకు అర్థమైంది. అందుకే ఈ ఆర్టికల్. మీ దగ్గర పెద్ద డీజే సెట్ ఉన్నా, ఇంట్లో ఒక జత పవర్డ్ స్పీకర్లు, ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నా, నాయిస్‌ను పట్టుకునే పద్ధతి ఒకటే. స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు వినండి: ప్రతి నాయిస్‌కీ ఒక గొంతు ఉంటుంది

చాలామంది నాయిస్ రాగానే కేబుల్స్ అన్నీ పీకి మళ్లీ పెడతారు. ఒక్కోసారి పోతుంది కూడా. కానీ ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి వచ్చే ఈవెంట్‌లో మళ్లీ వస్తుంది. అలా కాకుండా ముందు ఒక్క నిమిషం ఆగి, ఏ రకం సౌండో గుర్తుపట్టండి.

- హమ్: 'గుమ్మ్' అని లోతుగా, ఆగకుండా వచ్చే మోత. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ 50 హెర్ట్జే బాక్సుల్లోంచి వినిపిస్తుంది. ఎక్కువసార్లు కారణం గ్రౌండ్ లూప్.
- బజ్: హమ్‌కి కాస్త గరుకుదనం కలిపితే బజ్. 100, 150, 200 హెర్ట్జ్ ఇలా 50కి గుణిజాలన్నీ కలిసి వస్తాయి. లైటింగ్ డిమ్మర్లు, దెబ్బతిన్న కేబుల్ షీల్డ్, పవర్ వైర్ పక్కనే వెళ్లే ఆడియో వైర్ లాంటివి కారణం కావచ్చు.
- వైన్: 'కీయ్‌య్' అని సన్నగా వచ్చేది. మౌస్ కదిపినా, కొత్త పాట లోడ్ చేసినా దాని తీరు మారుతుంది. అనుమానం ల్యాప్‌టాప్ చార్జర్ మీద, యూఎస్‌బీ మీద పెట్టుకోండి.
- హిస్: 'స్స్స్' అని వాన జల్లులా వినిపించేది. ఇది దాదాపుగా సెట్టింగ్స్ సమస్యే.
- చిటపట: కేబుల్ కదిపినప్పుడు వస్తే లూజ్ జాక్ లేదా తెగిన సోల్డర్. నాబ్ తిప్పినప్పుడు వస్తే లోపల దుమ్ము. సౌండ్ పెంచినప్పుడే వస్తే సిగ్నల్ క్లిప్ అవుతోంది.
- 'టిక్-టిక్-టిక్-టిర్ర్ర్': కాల్ రావడానికి ఒక్క క్షణం ముందు వినిపించేది. దీని సంగతి తర్వాత చెప్తా.

చెవి మీద నమ్మకం లేదా? ఫోన్ తీయండి

ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఫ్రీ స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకోండి. పాట ఆపేసి ఫోన్‌ని బాక్సు ముందు పెడితే స్క్రీన్ మీద ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సౌండ్ ఉందో గ్రాఫ్‌లా కనిపిస్తుంది. 50, 100, 150, 200 దగ్గర వరసగా గుంజలు పాతినట్టు గీతలు లేస్తే అది కరెంటు తాలూకు నాయిసే. ఎత్తైన ఫ్రీక్వెన్సీలో ఒక్క సన్నటి గీత నిలబడితే వైన్. మొత్తం స్క్రీన్ సమానంగా పైకి లేస్తే హిస్.

ఒక్క జాగ్రత్త. ఫోన్ మైకులు బాగా లో ఫ్రీక్వెన్సీని సరిగ్గా పట్టుకోవు. అందుకని 50 దగ్గర గీత చిన్నగా కనిపించినా తొందరపడొద్దు. 100, 150 దగ్గర కూడా చూడండి.

జనరేటర్ మీద నడుస్తుంటే ఇంకో క్లూ దొరుకుతుంది. లోడ్ పడినప్పుడు ఇంజిన్ స్పీడ్ కాస్త తగ్గితే ఫ్రీక్వెన్సీ కూడా 50 కంటే కిందికి దిగుతుంది. ఆ గీతలు కూడా దాంతో పాటే అటూ ఇటూ జరుగుతుంటే నాయిస్ ఎక్కడి నుంచి వస్తోందో ఇక వేరే చెప్పాలా!

సగానికి కోసి చూడటం: ఐదు నిమిషాల టెస్ట్

మా బావ సెట్ ఇలా ఉంది. స్టేజీ పక్కన టేబుల్ మీద ల్యాప్‌టాప్, దానికి యూఎస్‌బీతో కంట్రోలర్. అక్కడి నుంచి 15 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ జనరేటర్ వైపున్న మిక్సర్‌కి. మిక్సర్ నుంచి యాంప్లిఫైయర్లు, వాటి నుంచి బాక్సులు. మైకులు కూడా ఆ మిక్సర్‌లోకే.

ఇలాంటప్పుడు వెనక నుంచి ముందుకు రావాలి. కేబుల్ పీకే ముందు ప్రతిసారీ యాంప్లిఫైయర్ వాల్యూమ్ సున్నాకి దించండి. లేకపోతే 'ధబ్' మన్న దెబ్బకి ట్వీటర్లు పోతాయి.

1. యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ కేబుల్స్ తీసేసి వాల్యూమ్ నెమ్మదిగా పెంచండి. అయినా హమ్ వస్తే సమస్య యాంప్లిఫైయర్‌లోనే. పవర్ సప్లై కెపాసిటర్లు పాడై ఉండొచ్చు. రిపేర్ షాపుకే వెళ్లాలి.
2. సైలెంట్‌గా ఉంటే మిక్సర్ కలపండి. మిక్సర్‌లోకి వచ్చే కేబుల్స్ మాత్రం అన్నీ తీసి ఉంచండి. ఇప్పుడు వస్తే సమస్య మిక్సర్‌లో, లేదా మిక్సర్‌కీ యాంప్లిఫైయర్‌కీ మధ్య.
3. ఇక్కడా సైలెంట్ అయితే మైకులు ఒక్కొక్కటే కలపండి. చివర్లో కంట్రోలర్ కేబుల్.

ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మాకు మూడో స్టెప్ చివర్లో దొరికింది. కంట్రోలర్ ఆర్‌సీఏ జాక్ మిక్సర్‌కి తగలగానే 'గుమ్మ్'. అంటే తప్పు యాంప్లిఫైయర్‌ది కాదు. పిన్ పీకుదామనుకున్నది దానికే!

"బావా, ల్యాప్‌టాప్ చార్జర్ ఓసారి తీయి" అన్నా.

తీశాడు. హమ్ టక్కున ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో వంటల దగ్గర గరిటెల చప్పుడు కూడా వినిపించింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ 'గుమ్మ్'.

ఇదే బ్యాటరీ టెస్ట్. ఈ ఆర్టికల్‌లో మీకు ఒక్కటే గుర్తుండాలంటే ఇది గుర్తుంచుకోండి. చార్జర్ తీయగానే నాయిస్ పోతే మీ కంట్రోలర్ మంచిదే, బాక్సులు మంచివే. దారి చార్జర్ గుండా ఉందన్నమాట.

గ్రౌండ్ లూప్ అంటే ఏంటి?

ల్యాప్‌టాప్ చార్జర్‌ని పక్క ఇంటి వరండాలో ప్లగ్‌కి పెట్టాం. అది త్రీ పిన్. ఆ ఇంటి ఎర్త్ ఆ ఇంటి పెరట్లో ఉన్న గుంతలోకి వెళ్తుంది. మిక్సర్, యాంప్లిఫైయర్లు జనరేటర్ మీద ఉన్నాయి. దాని ఎర్త్ రోడ్డు పక్కన పాతిన ఇనుప రాడ్‌లోకి వెళ్తుంది. రెండూ భూమే కదా అనుకుంటాం. కానీ ఆ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది.

డెల్టా వాళ్లకి ఇది కాలువ భాషలో చెప్తే ఈజీ. రెండు చెరువుల్లో నీటి మట్టం బెత్తెడు తేడాగా ఉందనుకోండి. వాటిని కలుపుతూ చిన్న బోదె తవ్వితే ఏమవుద్ది? ఎత్తు నుంచి పల్లానికి నీళ్లు పారతాయి. ఇక్కడ రెండు ఎర్త్‌లూ చెరువులు. మన 15 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ షీల్డే ఆ బోదె. ఆ తేడా వల్ల షీల్డ్‌లో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుంది.

ఆర్‌సీఏలో షీల్డ్ కేవలం రక్షణ కోసం ఉండే తొడుగు కాదు, పాట సిగ్నల్ తిరిగి వెళ్లే దారి కూడా అదే. అందుకే షీల్డ్‌లో పారే హమ్ పాటలో కలిసిపోతుంది. మిక్సర్‌కి రెండిటికీ తేడా తెలియదు. రెండిటినీ కలిపి యాంప్లిఫైయర్‌కి పంపిస్తుంది, అది రెండిటినీ కలిపి ఊరంతా వినిపిస్తుంది.

చార్జర్ తీస్తే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, కంట్రోలర్‌కి పవర్ ల్యాప్‌టాప్ నుంచే వస్తుంది. అంటే అటువైపు ఎర్త్ కనెక్షనే లేదు. లూప్ తెగింది, హమ్ పోయింది.

"నా చార్జర్ టూ పిన్ కదా, మరి నాకెందుకు వస్తోంది?" అంటారా? మంచి ప్రశ్న. ఈ చార్జర్లలో ఉండేది స్విచింగ్ పవర్ సప్లై. అందులో నాయిస్ ఫిల్టరింగ్ కోసం పెట్టే ఒక చిన్న కెపాసిటర్ ద్వారా చాలా తక్కువ కరెంటు అవుట్‌పుట్ వైపుకి లీక్ అవుతుంది. మెటల్ బాడీ ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది చూడండి, అదే. ఎర్త్ లేనప్పుడు ఆ లీకేజీ కూడా ఆడియో కేబుల్ షీల్డ్ మీదుగానే దారి వెతుక్కుంటుంది. బజ్, వైన్ అలా వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం: ఆ పెద్ద పిన్

బావ స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడు ఆపింది నేను కాదు. జనరేటర్ దగ్గరున్న ఎలక్ట్రీషియన్ బాబాయ్. "ఒరే అబ్బాయ్, ఆ పిన్ను నీ పాట కోసం పెట్టలేదు, నీ ప్రాణం కోసం పెట్టారు" అన్నాడు.

మన త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మిగతా రెండిటికంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది. కారణం ఉంది. ప్లగ్ పెట్టేటప్పుడు ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు చివర్లో ఊడాలి. యాంప్లిఫైయర్ లోపల ఫేజ్ వైర్ ఊడి బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు ఒక్కసారిగా అటు దూసుకెళ్తుంది, ఎంసీబీ పడిపోతుంది లేదా ఫ్యూజు కొట్టేస్తుంది. ప్రోగ్రాం ఆగుతుంది, అంతే.

అదే ఎర్త్ పిన్ పీకేసి ఉంటే? యాంప్లిఫైయర్ బాడీ మొత్తం 230 వోల్టుల మీద కూర్చుంటుంది. ఎవరికీ కనిపించదు. పాట మామూలుగానే వస్తుంది. ఆ కరెంటు ఆడియో కేబుల్ షీల్డ్ మీదుగా మిక్సర్‌లోకి, అక్కడి నుంచి మైక్ కేబుల్ షీల్డ్ మీదుగా మైక్ ఇనుప బాడీలోకి పాకుతుంది. ఆ మైక్ పట్టుకునేది ఎవరు? పెళ్లికూతురి తమ్ముడో, పాట పాడతానని వచ్చిన చిన్నపిల్లో. కాళ్లకి చెప్పులుండవు. కింద నీళ్లు చల్లిన నేల. మన డెల్టా మట్టి తడిస్తే కరెంటు భూమిలోకి పోవడానికి అంతకంటే మంచి దారి ఇంకోటి ఉండదు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ స్టేజీ మీదే చనిపోయాడు. ఒక చేతిలో గిటార్, ఇంకో చెయ్యి ఎర్త్ సరిగా లేని మైక్ మీద. యాభై ఏళ్లు దాటింది. అదే తప్పు ఇప్పటికీ "ఈజీ ట్రిక్" పేరుతో వీడియోల్లో తిరుగుతోంది.

కాబట్టి రూల్ ఒక్కటే. ఆడియో గ్రౌండ్‌ని వేరు చేయొచ్చు. కరెంటు ఎర్త్‌ని ఎప్పుడూ తీయకూడదు. త్రీ పిన్‌ని టూ పిన్ చేసే కన్వర్టర్ వాడటం, వైర్ల కొసలు నేరుగా సాకెట్‌లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చడం, ఇవన్నీ కూడా ఎర్త్ పీకేసినట్టే లెక్క.

ఆ రాత్రి మేం చేసింది

ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపిద్దామంటే నాలుగు గంటల ప్రోగ్రాం, బ్యాటరీ గంటన్నర. అందుకని బాబాయ్ జనరేటర్ దగ్గర బోర్డు నుంచే ఎర్త్ ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్‌ని డీజే టేబుల్ దాకా లాగాడు. చార్జర్‌ని వరండా ప్లగ్‌లోంచి తీసి దీనికి పెట్టాం. ఇప్పుడు ల్యాప్‌టాప్, మిక్సర్, యాంప్లిఫైయర్లు అన్నిటికీ ఎర్త్ ఒకే చోట. రెండు చెరువులు లేవు, ఒకటే చెరువు. హమ్ ముప్పాతిక వంతు పోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "అన్నీ ఒకే చోట" అంటే అన్నీ ఒకే చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చమని కాదు. 6 ఆంపియర్ల బోర్డు 230 వోల్టుల మీద మోసేది దాదాపు 1,380 వాట్లు. 16 ఆంపియర్లది దాదాపు 3,680 వాట్లు. యాంప్లిఫైయర్లకి మందమైన వైరుతో విడిగా 16 ఆంపియర్ లైన్లు ఉండాలి. అన్నీ ఒకే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి రావాలి, అంతే.

మిగిలిన పావు వంతు బజ్ ఎక్కడిదా అని చూస్తే, మా ఆర్‌సీఏ కేబుల్‌ని సీరియల్ లైట్ల వైరుతో కలిపి పందిరి గుంజకి టేప్ చుట్టేశారు. 15 మీటర్లు రెండూ జంటగా ప్రయాణం! ఆడియో కేబుల్‌ని విడదీసి అడుగు దూరంలో లాగాం. పవర్ వైర్‌ని దాటాల్సిన చోట పక్కపక్కనే కాకుండా ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించాం. బజ్ కూడా పోయింది. టైం 6:50.

పర్మనెంట్ సొల్యూషన్: బ్యాలెన్స్‌డ్ కేబుల్, డీఐ బాక్స్

అసలు 15 మీటర్ల ఆర్‌సీఏ వాడటమే తప్పు. ఆర్‌సీఏ ఇంట్లో వాడే ఆడియో సెట్ల కోసం పుట్టింది. 3 మీటర్లు దాటకుండా చూసుకుంటే మంచిది. డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి ఎంట్రీ లెవెల్ కంట్రోలర్లలో మాస్టర్ అవుట్ ఆర్‌సీఏ మాత్రమే ఉంటుంది. డీడీజే-1000 లాంటి పెద్ద మోడల్స్‌లో ఆర్‌సీఏతో పాటు ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా ఇస్తారు. కొత్త కంట్రోలర్ కొనేటప్పుడు ప్యాడ్ల రంగులు చూసే ముందు వెనక్కి తిప్పి ఈ ఒక్కటీ చూడండి.

ఎక్స్‌ఎల్‌ఆర్‌లో మూడు పిన్నులు. ఒకటి గ్రౌండ్. రెండో దాంట్లో పాట, మూడో దాంట్లో అదే పాట తలకిందులుగా. దారిలో వచ్చే నాయిస్ రెండిటిలోనూ ఒకేలా పడుతుంది. చివర్లో మిక్సర్ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. పాట రెట్టింపవుతుంది, నాయిస్ కొట్టివేతలో పోతుంది. చాలా తెలివైన ఏర్పాటు.

లెవెల్ తేడా కూడా ఉంది. హోమ్ గేర్ ఆర్‌సీఏ స్టాండర్డ్ లెవెల్ సుమారు 0.316 వోల్టులు. ప్రొఫెషనల్ బ్యాలెన్స్‌డ్ లైన్‌లో సుమారు 1.23 వోల్టులు. దాదాపు నాలుగు రెట్లు. సిగ్నల్ ఎంత పెద్దదైతే దారిలో కలిసే నాయిస్ అంత చిన్నగా కనిపిస్తుంది.

మీ కంట్రోలర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ లేదా? రెండు ఛానెళ్ల డీఐ బాక్స్ ఒకటి తీసుకుని కంట్రోలర్ పక్కనే పెట్టండి. పొట్టి ఆర్‌సీఏతో దాంట్లోకి వెళ్లి, పొడవాటి ఎక్స్‌ఎల్‌ఆర్‌తో మిక్సర్‌కి వెళ్లండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మోడల్ అయితే బెస్ట్. పాట అయస్కాంతం ద్వారా అటు నుంచి ఇటు దాటుతుంది, కాబట్టి రెండు వైపులకీ తీగ కనెక్షన్ అవసరం లేదు. దాని మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అని ఒక స్విచ్ ఉంటుంది. అది తెంపేది ఆడియో షీల్డ్‌ని మాత్రమే, కరెంటు ఎర్త్‌ని కాదు. బావ స్క్రూడ్రైవర్‌తో చేద్దామనుకున్న పనిని ప్రాణాపాయం లేకుండా చేసే స్విచ్ ఇది.

6.35 మిల్లీమీటర్ల జాక్ వాడేవాళ్లు ఒకటి గమనించండి. కొస మీద ఒక నల్ల గీత ఉంటే మామూలు జాక్. రెండు గీతలుంటే టీఆర్‌ఎస్. బ్యాలెన్స్‌డ్ సిగ్నల్ వెళ్లాలంటే కేబుల్ టీఆర్‌ఎస్ అయ్యుండాలి, రెండు వైపులా సాకెట్లు కూడా బ్యాలెన్స్‌డ్ అయ్యుండాలి.

హిస్ వస్తే కేబుల్స్ జోలికి వెళ్లొద్దు

హమ్ పోయాక రెండో దొంగ బయటపడ్డాడు. 'స్స్స్...' బావ సెట్టింగ్స్ చూస్తే కంట్రోలర్ మాస్టర్ పావు వంతు దగ్గరుంది, మిక్సర్, యాంప్లిఫైయర్ నాబ్‌లు మాత్రం ఫుల్. "బాక్సులు పోతాయేమోనని ఇక్కడ తక్కువ పెట్టా" అన్నాడు.

ఇది చాలామంది చేసే పని. లెక్క చూడండి. మొదట్లో సిగ్నల్‌ని 20 డెసిబెల్స్ తగ్గించి, చివర్లో 20 డెసిబెల్స్ పెంచితే పాట మామూలుగానే వస్తుంది. కానీ మధ్యలో పుట్టిన నాయిస్ పది రెట్లు పెరిగి వస్తుంది.

కరెక్ట్ పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్‌లో పాట లెవెల్ ఎర్ర లైటు తగలకుండా, ఆకుపచ్చ పై భాగంలో ఆడేలా పెట్టండి. కంట్రోలర్ మాస్టర్‌ని బాగా పైకి తీసుకురండి. మిక్సర్ ఫేడర్‌ని సున్నా గుర్తు దగ్గర ఉంచి, గెయిన్‌తో మీటర్ సర్దండి. ఇక చివరగా యాంప్లిఫైయర్ నాబ్‌ని సున్నా నుంచి మొదలుపెట్టి, హాలుకి కావాల్సినంత వరకే పెంచండి. పైనుంచి కిందికి సిగ్నల్ బలంగా రావాలి, చివర్లో అదుపు చేయాలి.

ఎర్ర లైటు వెలుగుతోందంటే అది పార్టీ లైటింగ్ కాదు! సిగ్నల్ క్లిప్ అవుతోందని అర్థం. అలాగే నడిపితే ముందు పోయేది ట్వీటర్ డ్రైవర్లే.

ఫోన్ చేసే అల్లరి

ఏడుంబావుకి అంతా సెట్ అనుకున్నాం. 'టిక్-టిక్-టిర్ర్ర్' అని మొదలైంది. మిక్సర్ మీద మైకుల అబ్బాయి కీప్యాడ్ ఫోన్ పెట్టాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తోంది.

2జీ ఫోన్ సిగ్నల్‌ని ఏకధాటిగా పంపదు, సెకనుకి సుమారు 217 సార్లు ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఆ కొట్టుడుని ఆడియో సర్క్యూట్ పట్టుకుని మనకి వినిపిస్తుంది. 4జీలో ఈ తరహా గోల బాగా తక్కువ. కానీ సిగ్నల్ సరిగా లేని చోట మీ స్మార్ట్‌ఫోన్ కూడా కాల్ కోసం 2జీకి దిగొచ్చు. పరిష్కారం సింపుల్. ఫోన్లని మిక్సర్‌కి, మైక్ కేబుల్స్‌కి రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి.

ఫోన్ నుంచే పాటలు వేసేవాళ్లకి ఇంకో రెండు మాటలు. టైప్-సీ స్ప్లిటర్‌తో ఒకవైపు చార్జింగ్, ఇంకోవైపు ఆడియో పెడితే వైన్ రావడం చాలా మామూలు. ఫోన్ ముందే ఫుల్ చార్జ్ చేసుకుని, ప్రోగ్రాంలో చార్జర్ లేకుండా వాడండి. లేదా పవర్‌బ్యాంక్ పెట్టి చూడండి, దానికి గోడతో సంబంధం ఉండదు. "బ్లూటూత్ పెడితే గ్రౌండ్ లూప్ గోలే ఉండదు కదా" అంటే నిజమే. కానీ వందల ఫోన్లున్న పందిట్లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ బస్టాండ్‌లా ఉంటుంది. తాళి కట్టే టైంలో పాట తెగితే బాధ్యత మీదే.

జనరేటర్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సినవి

- త్రీ ఫేజ్ జనరేటర్ అయితే సౌండ్ మొత్తం ఒక ఫేజ్ మీద, లైటింగ్ ఇంకో ఫేజ్ మీద పెట్టమనండి. డిమ్మర్లు, మూవింగ్ హెడ్ లైట్ల గోల సౌండ్ లైన్‌లోకి తక్కువగా వస్తుంది.
- న్యూట్రల్ కనెక్షన్ గట్టిగా బిగించారో లేదో చూపించమనండి. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోటుకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఒక్క సెకన్లో ఈఎంఐ మిగిలి, కంట్రోలర్ పోతుంది.
- ఎర్త్ రాడ్ పాతారా, అక్కడ నీళ్లు పోశారా అడగండి. ఎండాకాలం మన నల్లమట్టి బీటలు వారితే ఎర్త్ బలహీనపడుతుంది.
- ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 230కి దగ్గర, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా 230కి దగ్గర, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాలి. ఫేజ్-ఎర్త్ రీడింగ్ తేడాగా ఉంటే ఎర్త్ సరిగా లేనట్టే. ఇది మీరు సొంతంగా చేయకండి, తెలిసినవాళ్లతోనే చేయించండి.
- 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు అడగండి. మనిషి ఒంట్లోంచి కరెంటు లీక్ అయితే కళ్లు మూసి తెరిచేలోపు లైన్ కట్ చేసేది అదే.

డీజే బ్యాగ్‌లో ఉండాల్సిన కిట్

రెండు ఛానెళ్ల ట్రాన్స్‌ఫార్మర్ డీఐ బాక్స్, రెండు పొడవాటి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్స్, 1 మీటర్ ఆర్‌సీఏ కేబుల్స్ రెండు జతలు, ఎర్త్ ఉన్న మంచి ఎక్స్‌టెన్షన్ ఒకటి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, ఇన్సులేషన్ టేప్. కొత్త కంట్రోలర్ కంటే చాలా తక్కువ ఖర్చు, కానీ ఈవెంట్ కాపాడేది ఇవే.

ఆఖరిది: ఊరి చెవులు

నాయిస్ అంటే బాక్సుల్లోంచి వచ్చే హమ్ ఒక్కటే కాదు. పక్కింట్లో పడుకున్న పసిపిల్లకి మన మంచి పాట కూడా నాయిసే. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగల్లాంటి సందర్భాలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. పర్మిషన్ తీసుకోండి, టైంకి ఆపండి. సెట్ సీజ్ అయితే ఏ డీఐ బాక్సూ కాపాడలేదు.

ఆ రాత్రి 7:35కి పెళ్లికూతురు స్టేజీ ఎక్కింది. పాట మొదలయ్యే ముందు రెండు సెకన్లు నిశ్శబ్దం. నిజమైన నిశ్శబ్దం. తర్వాత బేస్ పడింది. పిండిమర అన్న పెద్దాయన తల ఊపుతూ కనిపించాడు. కాసేపటికి పెళ్లికూతురి చెల్లెలు మైక్ అందుకుని పాడింది. కాళ్లకి చెప్పుల్లేవు, కింద నేల ఇంకా తడిగానే ఉంది.

బావ అటే చూస్తూ నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది. "పీకేసి ఉంటేరా..." అని ఆగిపోయాడు.

బాక్సులు సర్దాక మిగతా డబ్బులు మొత్తం ఇచ్చారు. వచ్చే నెల ఇంకో ఫంక్షన్‌కి అడ్వాన్స్ కూడా. ఆ అడ్వాన్స్‌తో బావ మొదట కొన్నది డీఐ బాక్స్.